ఎంగిలి చెంచా

పోయిన వారం కప్పు దగ్గర ఆగాం. ఆ కప్పు ఇంకా మంచం పక్క బల్ల మీదే ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. గరాటమ్మ భౌతికశాస్త్రం చదివిన మనిషి. నక్షత్రాల జోలికీ బాంబుల జోలికీ పోలేదు. టూత్‌పేస్టు, గడ్డం గీసుకునే నురగ, రొట్టెలవాడు పిసికే పిండి, పుండు మీద రాసే మలాము, ఇలా గట్టివీ కాక నీళ్ళూ కాక నడిమధ్య నిలబడేవాటి గుణం తేల్చడం ఆమె పని. నొక్కితే గొట్టంలోంచి జారే పేస్టు, బ్రష్షు మీద పడగానే బుద్ధిగా ఎందుకు కూర్చుంటుంది? ఆ ప్రశ్న పట్టుకునే తల నెరిపించుకుంది.

మింగడం చేతకాని రోగులు కొందరుంటారు. పలచటి నీళ్ళు వాళ్ళ గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అందుకని పొడి కలిపి చిక్కబరిచి తాగిస్తారు. చిక్కటివి నిదానంగా, బరువుగా, పోవలసిన దారినే పోతాయి. ఎంత చిక్కగా ఉండాలో దేశమంతటికీ ఒకే కొలత పెట్టాలని ప్రభుత్వం తలపెట్టి, ఈమెను సమితిలో వేసింది. ఆమె ఒక గరాటు పట్టుకుపోయింది. కప్పులోది గరాటులో పోయాలి, అడుగున అడ్డం పెట్టిన వేలు తీయాలి, పది లెక్కపెట్టాలి, ఎంత మిగిలిందో చూడాలి. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా చేయగల పరీక్ష. అదే నిబంధన అయింది. ఆసుపత్రి ఆసుపత్రికీ గరాటు వేలాడింది. ఆమెకు గరాటమ్మ అని పేరు పడింది.

ఆ తరువాత ఆమె తమ్ముడికి పక్షవాతం వచ్చింది. కుళాయిలు బిగించేవాడు, నలుగురిలో ఉంటే నవ్వులు పూయించేవాడు. మాట ముద్దయింది. గొంతు సగం చచ్చింది. అక్క పెట్టిన కొలత ప్రకారం, అక్క గరాటులో నెగ్గిన కప్పే తాగుతున్నాడు. అయినా పొలమారుతూనే ఉంది. నన్నెవరో తెగ తలుచుకుంటున్నారక్కా, అని మొదట్లో నవ్వాడు. జ్వరం వచ్చాక నవ్వడం మానేశాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇంకొక్కసారి లోపలికి పోతే మా చేతుల్లో ఉండదు, అని డాక్టరు చెప్పాడు.

పోయిన వారం గరాటమ్మ తన చేత్తో ఒక కప్పు కలిపింది. తన గరాటులోనే పోసి చూసింది. చక్కగా నిలిచింది. తమ్ముడు సగం తాగి ఆపాడు. కాసేపయ్యాక మిగతా సగం చూస్తే కుళాయి నీళ్ళలా పలచబడి ఉంది. ఆ కప్పు మీద ఎవరూ చెయ్యి వేయలేదు, మరదలు తప్ప.

అందుకని ఈసారి ఆమె ఏమీ అనకుండా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మరదలు తాగించే తీరు చూసింది.

మరదలు మంచం అంచున ఒద్దికగా కూర్చుంది. మొగుడి గడ్డం కింద తువ్వాలు దోపింది. చెంచాతో కప్పులోంచి కాస్త తీసి ముందు తన నాలుక మీద వేసుకుంది. వేడి సరిపోయిందని తల ఊపి, అదే చెంచాతో కప్పును అడుగునుంచి కలిపింది. ఒక చెంచా పోసింది. అతను మింగేదాకా గొంతు మీద చూపు నిలిపింది. దిండు సర్దింది. చెంచా కప్పులో వదిలేసి దుప్పటి లాగింది. మళ్ళీ చెంచా తీసి, చల్లారిందేమోనని మళ్ళీ నాలుక మీద వేసుకుంది, మళ్ళీ కలిపింది. తల్లి బిడ్డకు పెట్టినట్టు పెడుతోంది. అందులో వంక పెట్టడానికి ఎవరికీ నోరు రాదు.

ఆమె రుచి చూడడానికి ఒక కారణం ఉంది. ఆసుపత్రికి వచ్చిన కొత్తలో ఎవరో మరిగే పాలు తెచ్చి ఇచ్చి పోయారు. తమ్ముడి నోట్లో ఒకవైపు స్పర్శ లేదు. కాలుతున్నట్టు అతనికే తెలియలేదు. మర్నాడు నాలుక మీద బొబ్బలు చూసి మరదలు నేల మీద కూలబడింది. ఆనాటి నుంచి తన నోరు దాటనిది ఏదీ అతని నోటికి పోనివ్వలేదు.

మరదలు స్నానానికని వెళ్ళింది. వార్డులో మిగతావాళ్ళు కునికిపాట్లు పడుతున్నారు. గరాటమ్మ లేచి రెండు కప్పుల్లో నీళ్ళు పోసి, రెంటిలోనూ ఒకే కొలతన పొడి కలిపింది. రెండూ చిక్కబడ్డాయి. ఒకదాన్ని కడిగిన చెంచాతో కలిపి పక్కన పెట్టింది. ఇంకో చెంచాను నోట్లో పెట్టుకుని తీసి, రెండోదాన్ని కలిపింది. ఆ చెంచాను అందులోనే వదిలేసింది. తరువాత చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

కళ్ళు మూసుకున్నాడనుకున్న తమ్ముడు చూస్తూనే ఉన్నాడు.

కాసేపటికి మొదటి కప్పును గరాటులో పోసింది. అది సోమరిపోతులా కూలబడింది. వేలు తీస్తే బొట్టు బొట్టుగా దిగింది. రెండోది పోసింది. వేలు తీసీ తీయగానే గరాటు ఖాళీ.

ఆ పొడి పిండిజాతిది. నోట్లో ఊరే ఉమ్మికి దేవుడు పెట్టిన పనే పిండిని విరగ్గొట్టడం. ఇదేమీ కొత్త సంగతి కాదు, బడిపిల్లల పుస్తకంలో ఉండేదే. గరాటమ్మకు తెలుసు. సమితిలో అందరికీ తెలుసు. నోట్లో ఉండేది క్షణం కదా, విరిగేలోపు గొంతు దాటిపోతుంది కదా అనుకున్నారు. నిజానికి దాటిపోతుంది కూడా. ఉమ్మి చెంచా ఎక్కి కప్పులోకి వస్తుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. వాళ్ళ ప్రయోగశాలలో ఎవరూ ఎవరినీ అంత ప్రేమగా చూడరు. అక్కడ చెంచా కడుగుతారు, వాడతారు, మళ్ళీ కడుగుతారు.

"లీకు దొరికిందా?" అన్నాడు తమ్ముడు. మాటలు ముద్ద ముద్దగా వచ్చాయి. అర్థం కానట్టు నటించడానికి కూడా వీలు లేనంత నెమ్మదిగా వచ్చాయి.

ఇంకా చూడాలిరా అంది ఆమె.

అతను రెండు కప్పులనూ చూశాడు. రెండో కప్పులోని చెంచాను చూశాడు. స్నానాల గది వైపు తిరిగే తలుపును చూశాడు. బతుకంతా గోడల వెనక నీళ్ళు ఎటు పోతున్నాయో ఊహించిన మనిషి. అతనికి విడమరిచి చెప్పవలసిన పని లేదు.

"అదేనా?" అన్నాడు.

ఆమె ఆ చెంచా తీసి కొంగుతో తుడిచింది. అదే జవాబయింది.

"దానికి చెప్పకు."

"చెప్పకపోతే ఎలారా? ఇంకోసారి పొలమారితే..."

"నన్ను బతికిస్తున్నాననుకుంటోంది." ఊపిరి అందక ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ ఒక్కటీ దానికి ఉండనీ అక్కా. నేను పోయినా అది మిగులుతుంది. నువ్వు చెప్పావనుకో, నేను బతికినా దానికేం మిగలదు."

పనిచేసే చేతిని దుప్పటి మీద వెల్లకిలా పెట్టాడు. ఒట్టు కావాలి. చిన్నప్పుడు జామకాయల దొంగతనం ఇంట్లో చెప్పనని ఇలాగే చేతిలో చెయ్యి వేయించుకునేవాడు. గరాటమ్మ చెయ్యి వేసింది. జ్వరంతో కాలిపోతోంది ఆ అరచెయ్యి.

మాట ఇచ్చింది గానీ ఊరికే కూర్చోలేదు. మరదలు తడి జుట్టుతో రాగానే, ఆసుపత్రిలో ఎంగిలి మంచిది కాదనీ, లేనిపోని జబ్బులు అంటుకుంటాయనీ, రుచికి ఒకటీ పోయడానికి ఒకటీ రెండు చెంచాలు పెట్టుకోమనీ చెప్పింది. మరదలు నవ్వింది. ఒకే కంచంలో తిని ముసలివాళ్ళం అవుతున్నాం, ఇప్పుడు మాకు ఎంగిలేమిటి వదినా, అంది. అయినా పెద్దదాని మాట తీసెయ్యలేక రెండో చెంచా పుచ్చుకుంది. తనకు తాను మడి కట్టుకున్నట్టు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మొగుడికి చూపించి కళ్ళెగరేసింది. గరాటమ్మ వార్డు దాటి, తలుపు అద్దంలోంచి వెనక్కి చూసింది. రెండో చెంచా మందుల డబ్బా మీద పడుకుని ఉంది. మొదటిది మరదలి నోట్లో ఉంది.

కప్పుల్ని తనే కలిపి, తనే తాగించాలని కూడా చూసింది. తిన్నగా మూడు పూటలు సాగలేదు. మీ చేతిలో ఆయన మింగరు వదినా, నా చేతికి అలవాటు పడ్డారు, అని మరదలు కప్పు లాక్కుంది. అదీ నిజమే. అతను అక్క చేతిలో మింగలేకపోయాడు.

ఇక మిగిలింది పైనుంచి రావడం. పిండి పొడి తీసేసి దాని చోట బంకజాతి పొడి పెడితే ఎంగిలి దాన్ని ఏమీ చేయలేదు. మరదలు ఎన్నిసార్లు నాకినా నష్టం లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. గరాటమ్మ చీర మార్చుకుని ఆరోగ్యశాఖ కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది.

కార్యదర్శి గది బయట మెత్తటి కుర్చీలు వేశారు. ముందు కూర్చుని పోయినవాళ్ళ గుంట ఇంకా పూడలేదు. కుర్చీ మెత్తలోని నురగ మెల్లగా పైకి లేస్తోంది. ఇంకెప్పుడైనా అయితే అది ఎంతసేపటికి మామూలవుతుందో చూస్తూ ఆమె తనను పిలిచిన సంగతే మరిచిపోయేది. ఇవాళ ఆ గుంట పూడకముందే దాని మీద కూర్చుంది.

కార్యదర్శి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ తేలిగ్గా ఉండేది. గరాటు నిబంధన కోసం పై అధికారులతో మాటలు పడ్డవాడు. ఆమె చెప్పినదంతా మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. కాగితాలు తిప్పే తడి స్పాంజిని వేలితో నొక్కుతూ, అది పొంగేదాకా చూస్తూ విన్నాడు. ఆమె బల్ల మీద రెండు కప్పులూ పెట్టి చూపించబోతే వద్దన్నాడు. నమ్ముతున్నానన్నాడు.

"ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్. పొడి మంచిదా, కాదా?"

"పొడి మంచిదే. గరాటులోనూ తప్పు లేదు. కానీ..."

"ఆ కానీని నేనెక్కడ రాయను?"

ఆమె బంకపొడి మాట ఎత్తింది. అతను తల ఊపాడు. అది ఇక్కడ తయారు కాదు. తెప్పించాలంటే ఓడ కదలాలి, ఓడ కంటే ముందు కాగితం కదలాలి. ఎంత తోసినా ఏడాది తిరగాలి. ఈలోపు ఉన్న పొడి రద్దు చేయమంటారా అని అడిగాడు. వెటకారంగా అడగలేదు. నిజంగానే కలం తీసి మూత విప్పాడు.

"చెప్పండి. మీరు ఊ అంటే ఈ సాయంత్రానికి రద్దు చేస్తాను. రేపు పొద్దున వాళ్ళకి ఏం తాగిస్తారు?"

రేపు పొద్దున వాళ్ళకి మంచినీళ్ళు తాగిస్తారు. అది గరాటమ్మకు తెలుసు. ఎంగిలి పడని కప్పులు కూడా ఉన్నాయి దేశంలో, వాటి పుణ్యాన బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. పొడి తీసేస్తే వాళ్ళు కూడా పోతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె కలం వైపే చూస్తూ ఉండిపోయింది. అతను మూత పెట్టేశాడు.

అయితే రుచి చూసిన చెంచా మళ్ళీ కప్పులో పెట్టకూడదని అన్ని ఆసుపత్రులకూ రాయండి అంది.

అతను స్పాంజి నొక్కడం ఆపాడు. ఈ మాట రాస్తే ఏమవుతుందో మీరు ఆలోచించారా అని అడిగాడు. ఈ పొడి వచ్చినప్పటి నుంచి ఎంతమంది పోయారో, అందులో ఎంతమంది పక్కన ఒక పెళ్ళామో కూతురో చెంచా పట్టుకుని కూర్చుందో మనకు తెలియదు. ఆ కాగితం గోడకు అంటించిన రోజున వాళ్ళంతా ఇంట్లో కూర్చుని ఏమనుకుంటారు?

"నా చేత్తో నేనే చంపుకున్నాను అనుకోరా? అంతమందికి ఆ మాట చెప్పమంటారా నన్ను?"

గరాటమ్మకు ఎవరో వెనక నుంచి జబ్బ పట్టుకున్నట్టయింది. తమ్ముడు ఒక మంచం మీద నుంచి అన్న మాటనే ఈయన దేశం మొత్తానికి అంటున్నాడు. ఆ మంచం దగ్గర సరేనని చేతిలో చెయ్యి వేసి వచ్చింది. ఇక్కడ కాదనడానికి ఏ మొహం పెట్టుకోవాలి?

కారణం చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వండి, వేరే చెంచా వాడమని మాత్రం రాయండి, అంది. ఆ మాటలో పస లేదని ఆమెకే తెలుస్తోంది.

"కారణం చెప్పకుండా మీ ఇంట్లో చెప్పి చూశారుగా. విన్నారా?"

వినలేదు.

చివరికి అతనే, ఏమీ చేయకుండా మిమ్మల్ని పంపించలేను అన్నాడు. ఒక్క వాక్యం రాస్తానన్నాడు. రాసి చదివి వినిపించాడు. రోగికి తాగించే ముందు ప్రతి కప్పునూ దగ్గరుండి సరిచూడాలి. ఎవరినీ నొప్పించని మాట. ఎవరి మీదా నేరం మోపని మాట. ఎవరైనా సరిగ్గా సరిచూస్తే పలచబడ్డ కప్పు పట్టుబడుతుంది కూడా. గరాటమ్మ అందులో తప్పు వెతికింది, దొరకలేదు. కింద మీ సలహా మీదనే అని పెడతాను మేడమ్, మీ పేరు చూస్తే గౌరవం ఇస్తారు, అన్నాడు. ఆమె తల ఊపింది.

ఆ తల ఊపడం మనం గుర్తుంచుకోవాలి.

పైన పుట్టిన మాట కిందికి దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ కాస్త దుమ్ము అంటించుకుంటుంది. సరిచూడాలి అని కార్యదర్శి రాశాడు. ఎవరు సరిచూడాలి అని తరువాతివాడికి సందేహం వచ్చింది. నర్సులు చాలరు కాబట్టి, రోగి తాలూకువాళ్ళు, అని చేర్చాడు. దేనితో సరిచూడాలి అని ఆ తరువాతివాడు అడిగాడు. గరాటు వార్డుకు ఒక్కటే ఉంది, మంచాలు వరసకట్టి ఉన్నాయి. వేడీ చిక్కదనమూ చెంచాతో నోట్లో వేసుకుని చూసుకోవచ్చు, అని చేర్చాడు. పై మెట్టు మీద కన్నుగా బయలుదేరింది, అడుగు మెట్టుకు చేరేసరికి నాలుక అయింది. ఏ మెట్టు మీదా ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ బద్ధకించలేదు కూడా. అంత చురుగ్గా ఆ ఆసుపత్రిలో ఏ ఉత్తర్వూ కదిలి ఎరగదు.

గరాటమ్మ మళ్ళీ వార్డుకు వెళ్ళేసరికి మధ్యాహ్నం కప్పులు ఇచ్చే వేళ. తలుపు తీయకముందే లోపల్నుంచి సందడి వినిపించింది. ఎప్పుడూ మూలుగులు తప్ప ఏమీ వినిపించని వార్డు అది.

పెద్ద సిస్టరు వరస మధ్యలో నిలబడి ఉంది. మంచం మంచానికీ పక్కన ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక కప్పు, కప్పులో ఒక చెంచా. భార్యలు, తల్లులు, ఒక ముసలి తండ్రి, ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళందరి మధ్యా కొంగు బిగించి తిరుగుతోంది మరదలు. ఈవిడ మొదట్నుంచీ పద్ధతిగా చేస్తోంది, ఈవిణ్ణి చూసి నేర్చుకోండి, అని పెద్ద సిస్టరే ఆమెను ముందుకు తోసింది. బతుకులో మొదటిసారి మరదలు పదిమందికి ఏదో నేర్పుతోంది. ఆ మొహం వెలిగిపోతోంది.

"ముందు మీ నాలుక మీద వేసుకోండి. ఆ. ఇప్పుడు అడుగునుంచి కలపండి. పైపైన కాదమ్మా, అడుగునుంచి."

చెంచాలు నోళ్ళలోకి పోయాయి. చెంచాలు కప్పుల్లోకి వచ్చాయి.

తమ్ముడి పక్క మంచం బ్యాండు మేస్త్రిది. జీవితమంతా గాలి ఊది బతికిన మనిషి, ఇప్పుడు గుక్కెడు నీళ్ళకు పరాయివాడయ్యాడు. ఆయన కూతురు కప్పు పట్టుకుని తటపటాయిస్తోంది. నాన్నకు ఎంగిలి పెట్టడమేమిటండీ అని గొణిగింది. మరదలు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"చిన్నప్పుడు ఆయన నీకు పెట్టలేదా? ఊది ఊది, కొరికి కొరికి పెట్టలేదా?"

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంచా నోట్లో పెట్టుకుంది. తీసి, తండ్రి కప్పును శ్రద్ధగా, అడుగునుంచి కలిపింది.

అప్పుడు మరదలు తలుపు దగ్గరి మనిషిని చూసింది.

"వదినా, మీ ఉత్తర్వేనట కదా!" గొంతులో గర్వం పట్టలేకపోయింది. "సిస్టర్ చదివి వినిపించారు. చివర్లో మీ పేరు. నేను చెప్పలా, మా ఆడపడుచని? నేను చేసేది తప్పని మీరు మొన్న అన్నారు గానీ, చూశారా, చివరికి మీరు కూడా ఒప్పుకున్నారు."

వార్డంతా తిరిగి గరాటమ్మను చూసి నమస్కారం పెట్టింది. కొందరు చెంచా పట్టుకున్న చేత్తోనే పెట్టారు.

తమ్ముడు కూడా చూశాడు. దిండు మీద తల తిప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. చెక్కిళ్ళు జ్వరానికి ఎర్రబడి ఉన్నాయి. దుప్పటి మీద ఆ చేతిని వెల్లకిలా తిప్పి, అలాగే ఉంచాడు.

గరాటమ్మ బ్యాండు మేస్త్రి మంచం దాకా నడిచింది. కూతురి చేతిలోని కప్పులోకి తొంగి చూసింది. చిక్కగా ఉన్నదాన్లో చెంచా గీసిన గాడి నిలుస్తుంది, పొలంలో నాగలి చాలులా నిలుస్తుంది. ఆ కప్పులో గాడి ఉంది. ఆమె చూస్తుండగానే దాని అంచులు మెత్తబడ్డాయి. గాడి నెమ్మదిగా పూడుకుపోయింది. ఆమె సగం జీవితం ఖర్చు పెట్టి నేర్చుకున్న చదువంతా ఆ పూడుకుపోవడంలో ఉంది. ఇప్పుడు దానితో ఏం చేయాలో ఆ చదువులో లేదు.

ఈ కప్పు పారబోయించవచ్చు. రేపటి కప్పో? ఈ వార్డులో ఆపవచ్చు. గోడకు అంటించిన కాగితం తన పేరుతో ఇంకెన్ని గోడల మీద ఉందో. సిస్టరును పక్కకు పిలిచి చెవిలో చెబుదామంటే, ఆవిడ అడిగే మొదటి మాట ఎందుకని. ఎందుకని అంటే చెప్పాలి. చెబితే ఈ వరసలో చెంచా పట్టుకున్న ప్రతివాళ్ళూ తమ మనిషి మొహంలోకి చూడాలి, అందరికంటే ముందు మరదలు.

కూతురు చెంచా నింపింది. బ్యాండు మేస్త్రి పక్షి పిల్లలా నోరు తెరిచాడు.

"ఆగమ్మా," అంది గరాటమ్మ. "అది పట్టకు."

గట్టిగా ఏమీ అనలేదు. కానీ వార్డులో అప్పుడు ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి అందరికీ వినిపించింది. కూతురి చెయ్యి గాల్లో ఆగింది. పెద్ద సిస్టరు కళ్ళద్దాలు సవరించుకుంది. మంచం మంచానికీ తలలు ఇటు తిరిగాయి.

మరదలు ఇంకా నవ్వుతూనే ఉంది. వదిన ఏదో కొత్త సంగతి చెప్పబోతోందని కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"ఎందుకు వదినా? నేను సరిగ్గా చెప్పలేదా?"

దుప్పటి మీద తమ్ముడి అరచెయ్యి ఇంకా తెరిచే ఉంది. గరాటమ్మ దానివైపు చూడకూడదనుకుంది, చూడకుండా ఉండలేకపోయింది. జవాబు కోసం అందరూ ఆగారు.

మనుషులైతే ఆగారు. మిగతా చెంచాలన్నీ కప్పుల్లోనే ఉన్నాయి, వాటి పని ఆగలేదు.